ఆక్స్‌ఫర్డ్ వెనక సీటు

డెబ్బైల చివరి మాట. కృష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సు కోసం నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. రోడ్డు మీద పాత మోరిస్ మైనర్ చిన్నకారు ఒకటి పోతుంటే, బెంచీ మీది పెద్దావిడ దాన్నే చూస్తూ నీరసంగా అన్నారు.

“మాకూ అట్లాంటిదే ఉండెనప్పా. మా ఇంటాయనే తోలుతా ఉండె. నేను పక్కన కూర్చొని దారంతా మాట్లాడతా ఉంటిని. అంగడి బాగా జరిగినాక దానికన్నా పెద్దది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కొనినారు, డ్రైవరును పెట్టినారు. ఆయన డ్రైవరు పక్కన, నేను ఎనక.”

“రెండిట్లో ఏది బాగుండేదమ్మా?” అన్నాను.

“పెద్దదే సుఖమప్పా. ఎంత దూరం పోయినా ఒళ్ళు నొచ్చేది కాదు.” కొంగుతో మొహం తుడుచుకున్నారు. “దాంట్లో ఆయన మెడ ఒకటే కనిపిస్తా ఉండె.”

చాలా ఏళ్ళకు నేనూ కారు కొన్నాను. బంధువులెవరైనా ముందు తలుపు తీయబోతే, ఆ సీటు మా ఆవిడదని చెప్తాను.