నోటిఫికేషన్ రాకముందే జిల్లా ఫస్ట్

హుకుంపేట సంతలో రాజ్మా గింజలు చూసుకుంటున్నాను. ఎదురుగా ఓ అమ్మాయి నన్ను చూసింది. తర్వాత తన ఫోన్ చూసింది. మళ్లీ నన్ను చూసింది. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు. ఇంకో గంటలో సంత సంతంతా నా తెలివితేటల్ని తూకం వేయబోతోందని నాకప్పటికి తెలియదు.

ఆ అమ్మాయి మా పక్క ఊరి భవాని. బీఈడీ అప్పుడే పూర్తయింది. వెంట ఇద్దరు స్నేహితురాళ్లు.

"అక్కా, ఇది నువ్వేనా?"

నేనే. జడలో చామంతులు, ముఖం నిండా పౌడరు. కింద బంగారు రంగు అక్షరాలు: "డీఎస్సీ జిల్లా ఫస్ట్! మా విద్యార్థిని!"

"నోటిఫికేషనే రాలేదు కదక్కా. నువ్వు ఫస్టెలా వచ్చేసినావు?"

మీరు నన్ను తిట్టుకునే ముందు ఒక్క నిమిషం నా గోడు వినండి.

అప్పటికి నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఓ బీఈడీ పట్టా, లెక్కలేనన్ని భయాలు. పిల్ల తుమ్మితే న్యుమోనియా, పిల్లాడు నవ్వితే దిష్టి. వాళ్లను వదిలి కోచింగ్‌కి వెళ్లలేక, ఇంటి నుంచే టీచర్ని చేస్తామన్న ఓ యాప్‌లో చేరాను. ఇంటి నుంచే అని వాళ్లన్నారు గానీ, మా ఊళ్లో సిగ్నల్ ఇళ్లలో ఉండదు. ఊరి పైన కొండ మీద ఓ బండరాయి ఉంది, దాని మీద ఉంటుంది. పిల్లాణ్ణి చంకనేసుకుని అక్కడికి ఎక్కేదాన్ని. మొదటి పాఠం అద్భుతం. సారు చొక్కా ఇస్త్రీ ఇంకా అద్భుతం. రెండో పాఠం నొక్కగానే తెర మధ్య గుండ్రం తిరగడం మొదలుపెట్టింది. గానుగెద్దయినా మధ్యలో ఆగి గడ్డి తింటుంది. ఇది ఆగలేదు.

మా వైపు వాళ్లకు ఓ అలవాటుంది. ఫోన్‌లో ఏది రాకపోయినా తప్పు కొండది. వాన పడితే మబ్బుది, మబ్బు లేకపోతే టవర్‌ది. పాఠం లేకపోవచ్చన్న అనుమానం మాకు కలలో కూడా రాదు.

"ఏటే, రోజూ ఆ తిరిగే సక్రాన్నేటి అలా సూత్తన్నావు?" అంది మా అత్త, నెల గడిచాక.

"పాఠం వస్తోంది అత్తా."

"ఎందాకా వచ్చిందేటి? బొర్రా గుహలు దాటిందా?"

ఆ వారమే, నేను బండరాయి మీదుండగా, యాప్ వాళ్ల ఫోన్. "మేడమ్, మా పాఠాల గురించి రెండు మంచి మాటలు వీడియో తీసి పంపండి, మిగతా కోర్సంతా ఉచితం." ఉచితం అన్న మాట చెవిన పడితే నాకు మిగతావేవీ వినబడవు. పూలు పెట్టుకుని, బండరాయి మీద నిలబడి, "ప్రతి పాఠం నా కళ్లు తెరిపించింది" అని చెప్పాను. ఒక రకంగా నిజమే. రెప్ప వెయ్యకుండా గుండ్రాన్నే చూశాను కదా!

ఫస్టన్న ముక్క మాత్రం వాళ్లే అతికించారు. సరే, మళ్లీ సంతకి రండి.

ఆ ముగ్గురూ ఆ ప్రకటనను బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేస్తున్నారు.

"నీ వీడియో కింద అందరూ పొగిడేసినారు అక్కా. ఒకే రోజు, ఒకే మాట."

"ఇదిగో, పక్కనున్న ఈ టాపర్ గుంటడు ఇంకో యాప్‌లో బ్యాంకు పరీక్ష ఫస్టు. మరోదాంట్లో రైల్వే ఫస్టు. ఎప్పుడు పడుకుంటాడో పాపం!"

"కింద సీమ తలకాయంత అచ్చరాలు సూడు. ఫలితాలకు మాది పూచీ కాదంట."

నేను నవ్వాను. భవాని నవ్వలేదు.

"నాకు పాడేరులో ఉచిత కోచింగ్‌లో సీటొచ్చిందక్కా. సోమారం సేరాలి, లేపోతే సీటు పోద్ది. మా అయ్యేమో నీ వీడియో సూసి, 'ఆ అమ్మి ఇంటికాడే సదివి ఫస్టొచ్చింది, నువ్వూ ఇంటికాడే ఉండు, కాఫీ పళ్లూ కోసుకోవచ్చు' అంటన్నాడు. నేనెంత సెప్పినా వినడు. నిజం సెప్పు, ఎన్ని పాఠాలు సూసినావు?"

"ఒకటి."

"మిగతావి?"

"తిరుగుతున్నాయి. అది మా కొండ తప్పమ్మా..."

"ఇక్కడ సిగ్నల్ నిండుగా ఉంది. తియ్యి ఫోను."

తీశాను. సినిమా పాట వచ్చింది. వంట వీడియో వచ్చింది. నా ప్రకటనయితే అద్దంలో చూసినట్టు వచ్చింది. రెండో పాఠం తిరిగింది. పదో పాఠం తిరిగింది. చిట్టచివరి పాఠమూ తిరిగింది. పసుపు కొమ్ములమ్మే ముసలమ్మ మెడ సాచి చూసి, "ఇంతసేపు తిరిగితే దీనికి వాంతులవ్వవేటమ్మా?" అంది.

అప్పుడొచ్చాడు భవాని తండ్రి, భుజాన మిరియాల మూటతో. నన్ను చూసి, మూట దించి మరీ దణ్ణం పెట్టాడు. దానికంటే చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది.

"ఫస్టొచ్చిన తల్లివి, మా గుంటకి నువ్వే సెప్పమ్మా."

చుట్టూ చూశాను. పారిపోయే దారిలో కోళ్లబుట్టలు.

"చిన్నాన్నా, నేను ఫస్టు రాలేదు. పరీక్షే పెట్టలేదు. నేను చూసింది ఒక్క పాఠం."

"మరి పూలెట్టుకుని సెప్పినావు కదమ్మా!"

"పూలు నిజమే చిన్నాన్నా."

ఆయన నా ఫోన్ తీసుకుని ఆ గుండ్రాన్ని చాలాసేపు చూశాడు. మర్యాదస్తుడు, ఆగడానికి దానికి కావలసినంత వ్యవధి ఇచ్చాడు. అది ఆగలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, మూట ఎత్తుకుని, కూతురితో అన్నాడు: "సోమారం మొదటి బస్సు. బేగి లెగు."

భవాని ముఖం చూడాలి! కానీ నన్ను మాత్రం వదల్లేదు. అక్కడే నిలబెట్టి యాప్‌కి రివ్యూ రాయించింది: "ఒక పాఠం చూశాను. మిగతావి తిరుగుతున్నాయి." ఒక్క స్టార్ ఇమ్మంది. ఆ ఒక్కటి మాత్రం ఎందుకన్నాను. "సారు సొక్కాకి" అంది. ఇప్పుడామె గూడెం కొత్తవీధి వైపు ఓ బడిలో టీచరు. ఎక్కడ కనబడినా, బస్సులో అందరికీ వినబడేలా, "జిల్లా ఫస్టక్కా!" అని పిలుస్తుంది. పలుకుతాను. ఏం చేయను?

ఆ సంత మర్నాడు పొద్దున పిల్లలిద్దరూ రాగి అంబలి గిన్నెల ముందు కూర్చున్నారు. "అమ్మా, నువ్వు జిల్లా ఫస్టంట కదా?" అంది పెద్దది. గరిటె పైకెత్తి, కిటికీలోంచి కనబడే కొండను సాక్షిగా పెట్టుకున్నాను. పాపం, నెలరోజులు దాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను.

"కాదమ్మా. అమ్మ పరీక్షే రాయలేదు. ఇకమీదట మీ అమ్మ, తను రుచి చూడనిదాన్ని బాగుందని ప్రాణం పోయినా చెప్పదు. ఇది ప్రమాణం. ఇక బేగి తాగండి, అంబలి చాలా బాగుంది."

పెద్దది గిన్నెను చూసింది. నన్ను చూసింది. అచ్చం భవాని చూపే.

"నువ్వు తాగావా?"

ఓ గుక్క తాగాను.

"ఆగండి," అన్నాను. "ఉప్పు వెయ్యలేదు. ఒక్క స్టారే."