నర్సమ్మ మింగని గోలీలు

దుమ్ముగూడెం దాటాక, వాగు అవతల అడవిలో ఉన్న నాలుగు గూడేలకు నేను పదకొండేళ్ళు నర్సమ్మను. కాగితాల మీద నా ఉద్యోగం పేరు ఏఎన్ఎం. గూడెంలో ఆ మూడక్షరాలతో ఎవరికీ పని లేదు. నర్సమ్మ వచ్చిందంటే సూదులు వచ్చాయి, గోలీలు వచ్చాయి, తిట్లు వచ్చాయి అని లెక్క. ఆ మూడింటిలోనూ నాకు పేరు తెచ్చింది తిట్లే.

తిట్టక ఏం చేయమంటారు? కడుపుతో ఉన్నవాళ్ళకు రక్తం పట్టాలని సర్కారు ఎర్ర గోలీలు ఇస్తుంది. ఒక్కరైనా సరిగ్గా మింగితేనా! వాంతి వస్తుందని ఒకరు, వేడి చేస్తుందని ఒకరు, బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని ఇంకొకరు. ఒక ఇంటి కోడలు మాత్రం నెలనెలా పొట్లం తీసుకుని, "అన్నీ మింగిన నర్సమ్మా" అని ముద్దుగా చెప్పేది. నేనూ మురిసిపోయి పక్కింటివాళ్ళకు ఆ పిల్లను చూసి నేర్చుకోమని చెప్పేదాన్ని. ఒకరోజు వాన పడుతుంటే వాళ్ళ చూరు కింద నిలబడి, మడిచిన గొడుగును పైన దోపబోయాను. కాగితం పొట్లాలు విచ్చుకుని ఎర్ర గోలీలు జలజలా నా నెత్తిన రాలాయి. అయిదు నెలల గోలీలు!

ఆ రోజు నుంచి కొత్త రూలు పెట్టాను. గోలీ నా ముందే మింగాలి. మింగాక నోరు తెరవాలి. నాలుక కూడా ఎత్తి చూపించాలి. ఆ కోడలి అత్త, గూడెం మొత్తానికి పెద్ద నోరున్న ముసలమ్మ, గడప మీద కూర్చుని చుట్ట పీలుస్తూ ఈ తతంగమంతా చూసేది.

"ఏంది నర్సమ్మా, సంతల ఎడ్లను కొనేటోని లెక్క పండ్లు చూస్తున్నవ్?"

"ఎద్దయితే చెప్పిన మాట వింటది" అనేదాన్ని.

నా నోటికి తగ్గట్టే నా ఒళ్ళూ ఉండేది. నూట పద్నాలుగు కిలోలు. గర్భిణుల కోసం ఇచ్చిన త్రాసు నేను ఎక్కితే కాసేపు ఆలోచించి గానీ ముల్లు చూపించేది కాదు. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి మొదటి గూడేనికి మూడు కిలోమీటర్ల నడక, మధ్యలో వాగు. మోకాళ్ళు అరిగిపోయి, కనపడిన ప్రతి ఇప్పచెట్టు కిందా కూలబడేదాన్ని. మా సూపర్‌వైజరమ్మ ఒకరోజు మొహం మీదే చెప్పేసింది. "ఇట్లయితే కష్టం. నిన్ను ఆఫీసుల రిజిస్టర్ల ముందు కూసోబెట్టి, గూడేలకు ఇంకెవర్నన్న పంపుతం."

రిజిస్టర్ల ముందు నేనా! నాకు ఉద్యోగమంటే ఆ నడకే. ఆ నాలుగు గూడేల్లో నా చేతుల మీద పుట్టినవాళ్ళే బడికి పోతున్నారు. వాళ్ళను వదిలి ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చోవడం తలుచుకుంటేనే ఏడుపొచ్చింది. డబ్బుకు పుట్టింటివాళ్ళు పూనుకున్నారు. హైదరాబాదు వెళ్ళి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. అది రెండువేల ఏడో, ఎనిమిదో.

పొట్టను గుప్పెడంత చేసి, పేగును కిందికి మళ్ళించి కుట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒక చాంతాడంత చీటీ రాసిచ్చారు. విటమిన్లు, ఐరన్, కాల్షియం, నెలకో బి-ట్వెల్వ్ సూది. "ఆపరేషన్ ఒక్కరోజు పని. ఈ గోలీలు బతికినన్నాళ్ళూ పని. మీరిక తినేదే కొంచెం, అందులో ఒంటికి పట్టేది ఇంకా కొంచెం. గోలీలు ఆపితే నెలల తర్వాతైనా దెబ్బ కొడుతుంది" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "మీరు నర్సు కదా, మీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు" అని కూడా అన్నారు. ఆ మాటకు పొంగిపోయాను.

చలికాలమంతా బుద్ధిగా మింగాను. ఎండలు ముదిరాయి. భద్రాచలం ఎండల సంగతి తెలిసిందే కదా, కొత్తగూడెం వాళ్ళు తప్ప మాతో పోటీకి వచ్చేవాళ్ళు లేరు. ఒకరోజు బాత్రూములో చూసుకుంటే మూత్రం పసుపు కలిపినట్టుంది. ఊరుకోకుండా ఆ మాట మా అత్తగారి దగ్గర అన్నాను. ఆవిడది వేంసూరు వైపు. వేడికీ చలవకూ ఆవిడే సుప్రీంకోర్టు.

"వేడే అమ్మాయ్! ఒళ్ళు ఉడికిపోతోంది నీకు. రోహిణి కార్తెలో ఎవరన్నా అన్ని మాత్రలు మింగుతారటే? ముందు అవి ఆపు."

ఒంటికి పట్టగా మిగిలిన బి-విటమిన్ అలా పచ్చగా పోతుందని నేను ట్రైనింగులో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయితేనేం! బయట నిప్పులు కురుస్తుంటే పుస్తకంలో మాట ఎవరికి గుర్తుంటుంది? గోలీలు ఆపేశాను. సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు, తాటిముంజలు. నాలుగు రోజుల్లో మూత్రం తేటగా వచ్చింది. "చూశావా?" అంది అత్తగారు. చూశాను. కళ్ళారా చూశాక ఇంకేం కావాలి?

మృగశిర కార్తె రాగానే మళ్ళీ మొదలుపెడదామనుకున్నాను. మృగశిర వచ్చింది, వానలొచ్చాయి, దసరా కూడా పోయింది. ఒళ్ళు తేలికపడింది, వాగును గెంతుతూ దాటుతున్నాను, జాకెట్లన్నిటికీ కుట్లు వేయించుకోవాల్సి వచ్చింది. ఇంత బాగున్న మనిషికి మందులెందుకు? సూది మాటంటారా, మండలంలో సగం మందికి నేను వేశాను గానీ నాకు వేసేవాళ్ళేరీ! కొత్తగా తెప్పించిన గోలీల డబ్బా మాత్రం సంచీలో పెట్టుకుని తిరిగేదాన్ని. దగ్గరుంటే మింగినంత ధైర్యం.

తర్వాత జుట్టు దువ్వెన నిండా రావడం మొదలైంది. బోరు నీళ్ళను తిట్టాను. పాదాలకు తిమ్మిర్లు పట్టాయి. కొత్త చెప్పులను తిట్టాను. ఒకరోజు గూడెంలోకి ఒక కాలికే చెప్పుతో నడిచి వెళ్ళాను. రెండోది ఎక్కడ జారిపోయిందో నాకు తెలియనే లేదు. ఆడవాళ్ళు కోయ భాషలో ఏదో అనుకుని పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా.

చలికాలంలో ఒక పొద్దున వాగు దాటుతున్నాను. మోకాలి లోతు కూడా లేవు నీళ్ళు. అడుగున రాయి ఉందో, ఇసుక ఉందో నా పాదానికి తెలియలేదు. వెల్లకిలా పడ్డాను. బట్టలుతుకుతున్న ముసలమ్మ, చూరు కోడలు, ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చి నన్ను బండ మీదికి లాగారు. సంచీలో ఉన్నవన్నీ ఎండకు పరిచారు. రిజిస్టరు, సూదులు, ఎర్ర గోలీలు, చివరికి నా డబ్బా.

ముసలమ్మ డబ్బా మూత తీసింది. "ఏంది గివి? మాకెన్నడు ఇయ్యలే?"

"అవి నావి. ఆపరేషన్ గోలీలు."

"నీయా? మరి గీ అట్టలల్ల ఒక్కటన్న తియ్యలేదేంది?"

చంకలో బిడ్డతో నిలబడ్డ ఆ కోడలు మాట అందుకుంది. "నర్సమ్మకు చూరు లేదు గదత్తా, సంచిల దాసుకున్నది."

ఇక చూడాలి వాళ్ళ నవ్వు! నాకు ఒళ్ళు మండింది. "నాకు వేడి చేస్తది, మీకేం తెలుసు!" అని తడిబట్టలతోనే అరిచాను. వేడి చేస్తుందని వాళ్ళు నాతో అన్నప్పుడల్లా నేను చదివిన తిట్లదండకమంతా అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది, ఒకామె నవ్వలేక నీళ్ళలోనే కూర్చుండిపోయింది. గురివింద గింజ సామెత నేను చెప్తే విన్నవాళ్ళే వాళ్ళంతా.

ముసలమ్మ ఒక్కతే నవ్వడం ఆపేసింది. నా పాదం ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళతో తడిమి, గోటితో పట్టి ఏదో లాగింది. తుమ్మముల్లు. బొటనవేలి కింద నుంచి రక్తం కారింది.

"గింత లోతు దిగింది. నీకు తెల్వలేదా బిడ్డా?"

తెలియలేదు. లాగినప్పుడు కూడా తెలియలేదు. అప్పుడు భయమేసింది. ఈ కాళ్ళ కోసమే కదా కడుపు కోయించుకున్నది! ఆ బండ మీద, నేను తిట్టిన ఆడవాళ్ళందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

హైదరాబాదు డాక్టరుగారు నా పాదాల మీద పిన్నీసుతో గుచ్చి, గుచ్చి, అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "నరాలు దెబ్బతిన్నాయి. కొంత తిరిగొస్తుంది. మొత్తం వస్తుందని నేను మాటివ్వలేను. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అన్నారు. రోహిణి కార్తె అని చెప్పడానికి నోరు రాలేదు. రోజూ సూదులు, తర్వాత వారానికోటి, మళ్ళీ అన్ని గోలీలూ. మళ్ళీ పచ్చగా వచ్చినప్పుడు అత్తగారు నోరు తెరవబోయింది. "పచ్చగానే పోనీ అత్తయ్యా, నేను నడవాలి" అన్నాను. ఆ మర్నాటి నుంచి మంచినీళ్ళ గ్లాసు ఆవిడే అందించేది.

మూడు నెలల సెలవు తర్వాత, చేతికర్రతో, రాయి రాయినీ చూసుకుంటూ వాగు దాటాను. ఎడమకాలి బొటనవేలికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. ఈనాటికీ రాలేదు. గూడెంలో కడుపుతో ఉన్న ముగ్గురు వరసగా కూర్చున్నారు. నేను ఎర్ర గోలీల డబ్బా తీయబోతే ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"ముందుగాల నువ్వు."

సంచీలోంచి నా గోలీ తీసి మింగాను.

"నోరు తెర్వు."

తెరిచాను.

"నాలిక?"

ఎత్తి చూపించాను. చుట్ట పక్కన పెట్టి, నా గడ్డం పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తర్వాత వరసలో ఉన్న కోడళ్ళ వైపు తిరిగింది.

"మంచి ఎద్దే. ఇంక కొన్నేండ్లు నడుస్తది."