నా చెయ్యి వణకలేదు

కొత్తకోట దగ్గర హైవే దిగి మొరం దారి పట్టుకుంటే మా డేరాలు. రెండు వేల ఆరు ఎండాకాలంలో అక్కడ దిగాను. చుట్టూ ఎర్ర దుబ్బ, బండలు, కోసేసిన ఆముదం చేను. వైమానిక దళంలో నేను ఇంజిన్ మెకానిక్‌ని. మా ఊరు బిజినేపల్లి అక్కడికి దగ్గరే. మొదటిరోజే మా ఆఫీసర్ అన్నాడు: "ఇల్లు దగ్గరున్నవాడి మనసు పనిలో ఉండదు." ఆ మాట నేను మరిచిపోలేదు.

హెలికాప్టర్ ఇంజిన్‌కు ఎంత ఇంధనం పోవాలో ఒక ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయిస్తుంది. రాడార్ తరంగాలు తగిలి అది తికమకపడితే గాలిలోనే ఇంజిన్ ఆగుతుంది. అందుకే ఇంజిన్‌ను ఇనుప స్టాండుకు బిగించి నడిపేవాళ్ళం. యాంటెన్నా ట్రక్కు దాని మీదికి తరంగాలు వదిలేది. వేగం చూపే ముల్లు కదలకూడదు. ఇంజిన్ వేగాన్ని పెంచి తగ్గించే లివర్ నా చేతిలో ఉండేది. ట్రక్కులో తరంగాలు వదిలేది గద్వాల నుంచి వచ్చిన సార్జెంట్.

ఒకరోజు ఉదయం ఆరింటికి హెడ్‌సెట్‌లో అతని గొంతు: "తమ్మీ, వదుల్తున్న. జర పట్టుకో."

ముల్లు ఒక్కసారిగా పడిపోయింది.

"అన్నా, బంద్ చెయ్! ముల్లు పడిపోతుంది!" అని అరిచాను.

పక్కనే ఉన్న ఆఫీసర్ ముల్లును చూడలేదు. నన్ను చూశాడు.

"నీ చెయ్యి వణికింది. రాత్రి ఊళ్ళో తాగొచ్చావా?"

"లేదు సార్."

"మరి కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయి?"

దుమ్ముకు అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఆయనవి కూడా.

మధ్యాహ్నం భోజనాల డేరాలోకి పోగానే మాటలు ఆగాయి. వంటవాడు పప్పు పోస్తూ నా నోటి వాసన చూశాడు. ఆ నింద కాగితం ఎక్కితే ఇంజిన్ ముట్టుకునే అనుమతి పోతుంది. నాకు వేరే పని రాదు.

లివర్‌ను తీగతో కట్టేసి మళ్ళీ నడపమన్నాను. ఆఫీసర్ విసిగిపోయి ఒప్పుకునేదాకా అడిగాను. చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను. ముల్లు మళ్ళీ పడింది.

సార్జెంట్ ట్రక్కు దిగి వచ్చాడు. తరంగాలను అడ్డుకోవడానికి ఆ ఎలక్ట్రానిక్ పెట్టె కేబుల్‌కు లోహపు అల్లిక ఉంటుంది. దాని కొస స్టాండు మీద వట్టి ఇనుముకు ఆనాలి. అక్కడ గీకితే పచ్చరంగు పెచ్చు లేచింది. రంగు అడ్డుపడి అల్లిక ఇనుముకు తగలడం లేదు. పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని ముందురోజే స్టాండంతటికీ రంగు వేయించారు. ఆర్డర్ మా ఆఫీసర్‌దే. తనిఖీ అంటే కదలని ప్రతిదానికీ రంగు పూయడం మా దగ్గర ఆచారం.

"తమ్మీ, గట్ల కదలకుంట నిలబడకు," అన్నాడు సార్జెంట్. "నీకు గూడ పూస్తరు."

"గీకండి," అన్నాడు ఆఫీసర్. అంతే. గీకాక ముల్లు కదలలేదు. నా గురించి మాత్రం ఒక్క మాట లేదు. నింద డేరాలన్నీ తిరిగింది. నిజం స్టాండు దగ్గరే ఆగింది.

పని ముగిశాక కొత్తకోటలో బస్సెక్కి ఇంటికొచ్చాను. ఇప్పుడు రిటైరయ్యాను. ఆ డేరాల్లో చివరిరోజు మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. ఆ ఇంజిన్‌తో ఎగరబోయే పైలట్ వచ్చాడు. వరుసలో ఒక్కొక్కరితో చెయ్యి కలుపుతూ నా ముందుకు వచ్చాడు. చెయ్యి చాచాను. వణుకుతాయేమోనని నా వేళ్ళ వంక చూశాడు. వణకలేదు. ఆయన చెయ్యి సగం దాకా లేచి, జేబులోకి పోయింది.