పక్కవలలో ఏడు కళ్ళు

వలను ఒళ్ళోకి లాక్కుని, తెగిన చోట వేళ్ళతో తడుముతూ దారాల మధ్య గళ్ళను, అంటే వల కళ్ళను, లెక్కపెడుతున్నాడు వలల మావయ్య. ఏడు. చెక్కసూదికి కొత్త దారం చుట్టాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఈ ఫుట్‌బాల్ మైదానంలో గోలుపోస్టుల వలలు కట్టేదీ, దింపేదీ, బాగుచేసేదీ ఆయనే. ఎవరూ నేర్పలేదు. పాత వల ఒకటి తెచ్చుకుని ముడి ముడీ విప్పి, మళ్ళీ వేసి, వేళ్ళు పుళ్ళు పడ్డాక ఒంటబట్టింది విద్య. గ్యాలరీ మెట్ల కింది గదిలో భార్యతో కాపురం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ గది.

కిందటి ఆదివారం ఆటకి ముందు గడ్డి కోసే యంత్రం తగిలి గోలుపోస్టు పక్కవైపు వల తెగింది. చేతిలో సరైన దారం లేదు. గోనెసంచి పురికొసతో కట్టి, ఒక్క ఆటకి ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆట మొదలయ్యే ముందు లైన్‌మన్ వల లాగి చూశాడు, పురికొస ఆగింది. ఆట చివర్లో అవతలి జట్టు కొట్టిన బంతి పోస్టు బయటినుంచి వచ్చి, పురికొసను తెంపుకుని లోపల పడింది. వల ఊగి మళ్ళీ దగ్గరపడింది. బయటినుంచి వచ్చిందని గోల్‌కీపర్ మొత్తుకున్నాడు. వీడియో గదిలో కూర్చున్న రిఫరీ, ఉన్న మూడు కెమెరాల్లోనూ తిప్పి తిప్పి చూసి గోల్ అన్నాడు. ఊరి జట్టు కింది లీగుకి పడిపోయింది. ఆట అయ్యాక అలవాటుగా వల దింపి మడతపెడుతుంటే చీలిక మావయ్య వేళ్ళకు తగిలింది. ఆయన నోరు విప్పలేదు.

అమ్ముడుపోయాడన్న అనుమానంతో వీడియో రిఫరీని పనిలోంచి పక్కన పెట్టారు. ఈ మధ్యాహ్నం మూడింటికి విచారణ కమిటీ మైదానానికి వస్తోంది. ఈలోపు అతుకు కనపడకుండా అల్లేస్తే ఇక అడిగేవాడుండడు.

కమిటీని నిలదీయడానికి ముందే వచ్చిన ఇద్దరు కంచెకు ఆనుకుని వాదించుకుంటున్నారు. ఒకడు క్షవరశాల నడిపేవాడు, రెండోవాడు అతని బావమరిది, పాలవ్యాను డ్రైవరు.

"కెమెరాకి బంధువులుంటారా బావా? ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది," అన్నాడు డ్రైవరు. "అమ్ముడుపోయింది ఆ రిఫరీ."

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తే నా షాపుకి ఎవడొస్తాడురా? అద్దం కూడా నేను తిప్పినవైపే చూపిస్తుంది."

"ఆఫ్‌సైడ్ అయితే గోరు మందం కూడా గీత గీసి పట్టుకుంటారు. ఇంత బంతి ఎటునుంచి వచ్చిందో కనపడలేదంటే నమ్మమంటావా?"

"కెమెరా లేని చోట ఏం కనపడుతుంది? మూడు కెమెరాలిచ్చి ముల్లోకాలూ చూడమంటే ఎలా? ఆ వీడియో డబ్బా లేనప్పుడే నయం. రిఫరీని నాలుగు తిట్టి ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళం."

"మావయ్యా, నువ్వు చెప్పు. వీడియో న్యాయమా, అన్యాయమా?" అంటూ ఇటు తిరిగాడు డ్రైవరు.

మావయ్య దారం పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అది జవాబివ్వకుండా ఉండడానికి మంచి సాకు.

"నిన్న మావాళ్ళు ఆ వీడియో ఆయనింటికి పోయార్లే," అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి. "కిటికీ అద్దాలు పగిలాయి. లోపల కూతురుందట. కంటి కింద ఆరు కుట్లు."

"నువ్వూ ఉన్నావా?"

"వెనకాల నిలబడ్డా, అంతే."

"వెనకాల అంటే ఏ కెమెరాకి వెనకాలరా?"

మావయ్య సూది కింద పెట్టి కత్తెర తీశాడు. తెగిన ఏడు కళ్ళకూ చుట్టూ జానెడు వదిలి, పురికొస వేలాడుతుండగానే ఆ ముక్కను చదరంగా కోసేశాడు. గోరంత పని కొండంత అయింది. అంచులో ప్రతి కన్నూ పట్టి, కొలత పలక మీద దారం బిగించి, వరసకి వరస అల్లుకుంటూ పోయాడు.

మంచినీళ్ళు తెచ్చిన భార్య కోసిన ముక్కను చూసింది. ఆదివారం నుంచీ ఆయనకు నిద్రలేదని ఆవిడకు తెలుసు.

"దాన్నెందుకు కోశారు?"

"పైకి పంపడానికి."

ఆవిడ గది వైపు ఒకసారి చూసింది. "మంచం నేనొక్కదాన్నే మోయలేను. ఖాళీ చేసేది ఎప్పుడో ముందే చెప్పండి," అని గ్లాసు పెట్టి వెళ్ళింది.

రెండున్నరకు వల పోస్టులకు ఎక్కింది. మైదానం అధికారి పనుల పుస్తకంతో వచ్చాడు. మావయ్య పుస్తకం తీసుకుని, తన వంకర అక్షరాలతో ఆదివారం తేదీ కింద రాశాడు: పురికొసతో కట్టింది నేను. బంతి అందులోంచి వచ్చింది. సంతకం చేసి ముక్కతో కలిపి ఇచ్చాడు.

అధికారి చదివి తల గోక్కున్నాడు. "వల బాగానే ఉందిగా. ఈ పేజీ చింపేస్తే ఎవరికి తెలుస్తుంది? గది పోతుందయ్యా."

"నాకు తెలుసు. కమిటీకి ఇవ్వండి."

"ఆ పిల్ల కుట్లు దీంతో విడిపోతాయా?"

"పోవు."

అధికారి కొత్త అతుకును రెండు చేతులతో పట్టుకుని బలంగా లాగి చూశాడు. ఒక్క ముడీ జారలేదు. ముక్కను పుస్తకంలో పెట్టి, చంకలో ఇరికించుకుని, గేటు దగ్గర ఆగిన కమిటీ కారు వైపు నడిచాడు.