నా కూతురు ముందు ఆవిడతో మాట్లాడింది

ఆ డాక్టరమ్మంటే నాకు కుళ్లు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చర్చిలో ఒకమ్మాయి రాస్తోంది. ఈ మాట మాత్రం కొట్టెయ్యొద్దన్నాను.

ఎనభైల మొదట్లో చికాగో దగ్గర ఉండేవాళ్లం. మంచు మీద కారు జారి మా ఆయన పోయారు. వెనక సీట్లో ఉన్న నా కూతురికి గీత కూడా పడలేదు. ఎనిమిదేళ్ల పిల్ల.

మనవాళ్ల పలకరింపులు తెలుసు కదా. వచ్చినవాళ్లు ఎలా జరిగిందని అడగాలి, మనం మొదటి నుంచి చెప్పి ఏడవాలి. ఏడిస్తే గుండె బరువు దిగుతుందంటారు. నేను కారులో లేను, నాకేం తెలుసు? ఎవరొచ్చినా పిల్లను పిలిచి, డాడీ ఆఖర్న ఏమన్నారో ఆంటీకి చెప్పమనేదాన్ని. నిలబడి అప్పజెప్పేది. రెండు నెలలకు ఒకరోజు సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత నాతో కూడా మాట్లాడలేదు.

బడివాళ్లు ఈ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. భయంతో మనసు దెబ్బతిన్న పిల్లలను చూసే థెరపిస్టు. తెలుగావిడే, మా కోస్తా మనిషే. నాకంటే చిన్నది. తన కారు తనే డ్రైవ్ చేసుకునేది, ఇంగ్లీషు గడగడా మాట్లాడేది. ఆవిడ గది తలుపుకున్న అద్దంలోంచి చూసేదాన్ని. వైద్యమేమీ కనిపించేది కాదు. పిల్లకు ఎదురుగా కూర్చోదు, పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ చిక్కుపడ్డ ఊలు విడదీస్తుంటారు. ఏమీ అడగదు. దీనికింత చదువెందుకు, చిక్కు తియ్యడం నాకు రాదా అనుకున్నాను. నేనూ ఊలు కొనుక్కొచ్చి పిల్ల ముందు పెట్టాను. లేచి వెళ్లిపోయింది.

ఆరో వారమో ఏడో వారమో, అద్దంలోంచి చూస్తే నా కూతురి పెదవులు కదులుతున్నాయి. ఆవిడతో మాట్లాడుతోంది. తల్లికి సంతోషం రావాలి. నాకు కడుపు మండింది.

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఏం చెప్పింది నీకు?"

"అది పాప చెప్పాలక్కా. నేను చెప్పకూడదు."

"తొమ్మిది నెలలు మోసింది నేను. నువ్వు ఊలు పట్టుకు కూర్చున్నావు."

ఆవిడకు కోపం రాలేదు. అదీ నచ్చలేదు నాకు. కూర్చోబెట్టి తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు ఉప్పెనలో వాళ్లమ్మ కొట్టుకుపోయిందట. ఈవిడ చేతిలోంచే చెయ్యి జారిందట. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ నాయనమ్మ ఈవిడ చేతే చెప్పించేదట.

"చెప్పిన ప్రతిసారీ అమ్మను మళ్లీ వదిలేసినట్టుండేదక్కా. ఎవరైనా ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంటే చాలనిపించేది. అందుకే నేనడగను."

పిల్లకు కోటు తొడిగి ఇంటికి తీసుకొచ్చేశాను. అయినా కుళ్లు తగ్గలేదు. నా పిల్ల బాధ నాకంటే ముందు ఆవిడకు తెలిసిందే అని ఇంకొంచెం పెరిగింది.

ఆ శనివారం ఒహాయో నుంచి చర్చి ఆవిడొకరు వచ్చారు. కాఫీ తాగుతూ పిల్లను దగ్గరికి లాక్కుని, "ఏమ్మా, డాడీ ఆఖర్న ఏమన్నారు?" అన్నారు. పిల్ల నా వైపు చూసింది.

"దాన్ని అడక్కండి వదినా," అన్నాను. "ఏడవాలనుంటే మనిద్దరం ఏడుద్దాం."

ఆవిడ ముఖం మాడ్చుకుని, ప్రార్థనైనా చెయ్యకుండా వెళ్లిపోయారు. నేను గిన్నెలు కడుగుతుంటే పిల్ల వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, ఆ ఆంటీ మళ్లీ వస్తుందా?"

"రాదు."

తువ్వాలు తీసుకుని ప్లేట్లు తుడిచింది. ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు. పిల్ల నాతో అన్న ఆ ఒక్క ముక్కా నేను డాక్టరమ్మకు చెప్పలేదు. ఆవిడ దగ్గర చాలా మాటలున్నాయి. ఇది నాది.