ఉత్త చేతులతో తిరిగొచ్చిన కారు

భూమి పండుగ మూడో రోజు, మధ్యాహ్నం మూడున్నరకు, ఇప్పలబోడు ఆడవాళ్లు తారు రోడ్డుకు అడ్డంగా వెదురు గడ పెట్టారు. ఏటా పెట్టేదే. తొలకరి పడ్డాక, విత్తనాలు వేసే ముందు, కోయ గూడెంలో మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డెక్కి, బూర్గంపాడు వైపు పోయే బండ్లను ఆపి, పాట పాడి, పదో ఇరవయ్యో అడుగుతారు. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్లు పోస్తారు. పోయించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. అది కట్టుబాటు. ఫారెస్టు కేసులకు భయపడి ఇప్పుడు వేట పేరుకే మిగిలింది. పేడనీళ్లు మాత్రం మానలేదు.

ఈసారి గడ జంపక్క చేతిలో ఉంది. ఆమె బండ్లను వదిలేస్తోంది. ఇసుక లారీని వదిలింది, పెళ్లి జీపును వదిలింది. వంద నోటు చూపించిన మిర్చి వ్యాపారిని కూడా "పో అన్నా, జల్దీ పో" అని తరిమేసింది. ఆమె ఒక్క కారు కోసం చూస్తోంది.

జంపక్కకు నలభై ఆరేళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఇప్పలబోడు గుంపుకు, అంటే కోయ గూడేనికి, ఆశా కార్యకర్త. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాటలేదు. చేరిన మొదటి వానాకాలంలోనే ఒక నిండు చూలాలిని మంచం మీద మోయించుకుని వాగు దాటించింది. అవతలి ఒడ్డున అంబులెన్సు డ్రైవరు "ఇంకెంతసేపు?" అని అరిస్తే, "నువ్వొచ్చి ఒక కోడు పట్టు, జల్దీ అయితది" అంది. అతను వచ్చి పట్టాడు. ఆ ముచ్చట ఊరి దవాఖానాలో నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రభుత్వం ఆమెకు తొమ్మిది రిజిస్టర్లు ఇచ్చింది. వాటికి తోడు ఆమె సొంతంగా ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టుకుంది. ఎవరికి ఏ జబ్బు, ఏ డాక్టరు ఏమన్నాడు, ఎన్నాళ్లలో రమ్మన్నాడు, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకంలో మొదటి పేరు దుర్గది. జంపక్క చెల్లెలి బిడ్డ, ఇరవై రెండేళ్లు. గుండె కవాటం సన్నబడింది. బోరింగు నుంచి బిందెడు నీళ్లు తేవాలంటే దారిలో రెండుసార్లు కూర్చుంటుంది. నెల లోపు ఆపరేషన్ కావాలని ఖమ్మం డాక్టరు చెప్పాడు. ఆరోగ్య బీమా కార్డు ఉంటే ఖర్చు లేదు. బీమా కార్డు రావాలంటే రేషన్ కార్డు కావాలి. దుర్గ ఇంటికి అది లేదు.

రేషన్ కార్డు లేనివాళ్లకు బీమా ఇవ్వాలా వద్దా అని హైదరాబాద్‌లో రెండేళ్లు వాదించుకున్నారు. ఒక పక్షం అందరికీ ఇవ్వాలంది. ఇంకో పక్షం ఖజానా వైపు చూపించింది. ఉపసంఘం వేశారు. దాని గడువు పెంచారు, మళ్లీ పెంచారు. చివరికి రాజీ కుదిరింది: పంచాయతీకి నలభై కుటుంబాలు, ఆ నలభై ఎవరన్నది గ్రామసభ తేల్చాలి, జూన్ రెండో శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు వెబ్‌సైట్ మూసేస్తారు. తగాదా తెగలేదు, చోటు మారింది. హైదరాబాద్ నుంచి ఇప్పలబోడుకు వచ్చింది.

ఇక్కడ సర్పంచ్ దూలయ్య గుంపు మనిషి. ఉప సర్పంచ్ వెంకటరామారావు రోడ్డు పక్క కాలనీలో పెద్ద రైతు. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి పొగాకు వేశాడు, ఈయన పత్తి వేస్తున్నాడు. కార్డు లేని కుటుంబాలు గుంపులో ముప్పై ఒకటి, కాలనీలో ఇరవై ఆరు. మొదటి గ్రామసభలో కాలనీ వాళ్లు లేచి వెళ్లిపోయారు, కోరం పోయింది. రెండోసారి గుంపు వాళ్లు లేచి వెళ్లిపోయారు. మూడోసారి ఇద్దరు నాయకులూ ముందే మాట్లాడుకుని సభకే రాలేదు. ఆఖరి రోజు, అంటే ఈ పండుగ మూడో రోజు పొద్దున ఇద్దరూ ఒకే కారులో, పంచాయతీ కార్యదర్శి సాయిప్రియనూ తీర్మానాల పుస్తకాన్నీ వెంటబెట్టుకుని, భద్రాచలంలో తమ పెద్ద నాయకుడి ఇంటికి పోయారు.

రెండింటికి సాయిప్రియ జంపక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, రాజీ అయింది."

"మనకెన్ని?"

"ఎవరికీ లేవు. పరిషత్ ఎన్నికల ముందు లొల్లి ఎందుకని, ఎవరి పేర్లూ పంపొద్దన్నరు. గడువు పెంచమని లెటర్ రాస్తరట."

"పుస్తకం ఏడుంది?"

"నా బ్యాగులనే."

"మంచిది. మెల్లగ రా బిడ్డా."

జంపక్క ఫోన్ పెట్టేసి, పక్కింటి పుల్లమ్మను పేడ కోసం పంపింది.

నాలుగు కావస్తుండగా తెల్ల కారు మలుపు తిరిగింది. డోలు మోగింది. గడ దిగింది. దూలయ్య నవ్వుతూ అద్దం దించి యాభై నోటు చాచాడు.

"పైసలొద్దు సర్పంచన్నా," అంది జంపక్క. "ఏటకు పోయినవ్ గద, ఏం తెచ్చినవ్?"

"ఏటేంది? మేం మీటింగుకు పోయినం."

"అదే ఏట. ఇద్దరు మొగోళ్లు కారెక్కి పోయిన్రు, కార్డులు తెస్తరని పొద్దటి సంది చూస్తున్నం. తెచ్చిన్రా?"

దూలయ్య పక్క సీటు వైపు చూశాడు.

"గడువు పెంచమని అడిగాంలే జంపక్కా," అన్నాడు వెంకటరామారావు. "వచ్చే నెల చూద్దాం. తొందరపడితే ఊళ్లో గొడవలు."

"అంటే ఉత్త చేతులే!" అని పుల్లమ్మ బకెట్ ఎత్తింది.

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. అప్పటికప్పుడే ఎవరో పాట కట్టారు. కారెక్కి వేటకు పోయిన్రు, కాకిపిల్లను కూడా తేలేదు అని. ఆగిన బండ్ల మీది జనం దిగి వచ్చారు. కాలనీ వాళ్లు చూడటానికి పరుగెత్తుకొచ్చారు. దూలయ్యకు తప్పలేదు. కారు దిగి, తల వంచాడు. పుల్లమ్మ తల మీద పోయలేదు, భుజం మీద పోసింది. సర్పంచ్ అన్న మర్యాద అంతవరకే.

వెంకటరామారావు గబగబా అద్దం ఎక్కించాడు. జంపక్క వేలితో దాన్ని తట్టింది.

"రావుగారూ, మీరు దిగరా?"

"నేను కోయవాణ్ణి కాదు కదమ్మా."

"పండుగ చందా ఇచ్చెటప్పుడు 'నేనూ మీవాణ్ణే' అంటిరి. పేడనీళ్లకు పరాయోళ్లయితిరా?"

ఈసారి కాలనీ వాళ్లే గట్టిగా నవ్వారు. ఆ నవ్వు ఆయనకు తగిలింది. తలుపు తీసుకుని దిగాడు.

"బకెట్ కింద పెట్టించు. ఏం కావాలో చెప్పు."

"సంతకం. గ్రామసభ ఈడ్నే."

"నడిరోడ్డు మీదనా? నోటీసు లేకుండానా?"

వెనక సీటులోంచి సాయిప్రియ దిగింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అయినా మాట తడబడలేదు. "సార్, మూడో సభ వాయిదా అని రాసిన, రద్దయిందని రాయలే. నోటీసు దానిదే. కోరం ఉంటే చాలు." వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. కావాల్సిన దానికి రెట్టింపు ఉన్నారు.

"కోరం సరే. ముప్పై ఒకటి, ఇరవై ఆరు. మళ్లీ అదే పేచీ కదా?" అన్నాడాయన.

జంపక్క నోటుబుక్కు తెరిచింది. "గుంపు, కాలనీ అని చదవను. జబ్బు చూసి చదువుత. దుర్గ. గుండె. ఈ నెలలనే కావాలె. పున్నమ్మ, కాలనీ మూడో లైను. కిడ్నీలు. వారానికి రెండుసార్లు డయాలసిస్."

పున్నమ్మ భర్త వెంకటరామారావు దగ్గరే కౌలుకు చేస్తాడు. "ఆమె సంగతి నీకెట్లా తెలుసు?" అన్నాడాయన.

"ఖమ్మం బస్సుల నా పక్కన్నే కూసుంటది. మీరు బస్సెక్కరు గద."

ఆమె చదువుతూ పోయింది. డోలు ఆగింది. తమ పేరు విన్న ఇంటివాళ్లు చెయ్యెత్తారు. చదవడం అయిపోయేసరికి యాభై ఏడిళ్లలో జబ్బున్నవి నలభై మూడు తేలాయి. మూడు ఎక్కువ. సమయం నాలుగూ ఇరవై.

"మావాళ్లవి తియ్యనియ్యను" అని ఒకడు, "మావి మాత్రం తీస్తరా" అని ఇంకొకడు. ఒక్క క్షణంలో రోడ్డు మీద పాత గ్రామసభ లేచి కూర్చుంది. కాలనీ కుర్రాళ్లు నలుగురు బైకుల వైపు నడిచారు. దుర్గ రోడ్డు వారగా రాయి మీద కూర్చుని, పెద్దమ్మను కాకుండా సాయిప్రియ చేతిలోని పుస్తకాన్ని చూస్తోంది.

జంపక్క పెన్ను తీసి ఒక పేరు కొట్టేసింది. "నాది తీసిన. పిత్తాశయంల రాళ్లు. రాళ్లు ఏడికి పోతయ్, ఈడ్నే ఉంటయ్."

చొక్కా నుంచి పేడనీళ్లు కారుతున్న దూలయ్య ముందుకొచ్చాడు. "మా తమ్మునిది హెర్నియా. సర్కారు దవాఖానల అయితది. తీసెయ్."

ఇక ఒక్కటి. అందరూ వెంకటరామారావు వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా పాలేరుది కంటి శుక్లం. తీసెయ్. ఆపరేషన్ నేను చేయిస్తా."

"సాయిప్రియా, చేయిస్త అన్నది గూడ పుస్తకంల రాయి" అంది పుల్లమ్మ. బైకుల దాకా పోయిన కుర్రాళ్లు నవ్వుతూ వెనక్కి వచ్చారు.

కారు బానెట్ మీద సంతకాలు మొదలయ్యాయి. దూలయ్య సంతకం పక్కన పచ్చటి మరక పడింది. నాలుగూ నలభైకి సాయిప్రియ పుస్తకాన్ని చంకన పెట్టుకుని వాటర్ ట్యాంకు వైపు పరుగెత్తింది. ఊళ్లో సిగ్నల్ ఉండేది దాని మెట్ల మీదే. యాభై ఏడు కుటుంబాల వివరాలు ఆమె నెల కిందటే ఎక్కించి పెట్టింది. నలభైకి టిక్కు పెట్టి, తీర్మానం ఫొటో జోడించడమే మిగిలింది. ఫోనులో చక్రం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఇంకో పది మెట్లు ఎక్కింది. కింద రెండు వందల మంది తలలెత్తి నిలబడ్డారు. ఐదుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయనగా పైనుంచి కేక వినిపించింది: "పోయింది!"

డోలు వాయించే ముసలయ్య ఆ రోజు ఎంత గట్టిగా కొట్టాడంటే ఒక పక్క తోలు చిరిగింది.

తెర మీద మాత్రం 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది. పదకొండు రోజులు అదే మాట. జంపక్క రోజూ ట్యాంకు ఎక్కి చూసింది. పన్నెండో రోజు ఇరవై రెండు కార్డులు వచ్చాయి. అందులో దుర్గది ఉంది. మిగిలిన పద్దెనిమిది గురించి హైదరాబాద్‌లో ఇంకో సంఘం వేశారు.

తర్వాతి సోమవారం పొద్దున ఖమ్మం బస్సులో జంపక్క మధ్యలో కూర్చుంది. ఒక పక్క దుర్గ, ఇంకో పక్క డయాలసిస్‌కు పోయే పున్నమ్మ.

"నాది ఎప్పుడొస్తదో" అంది పున్నమ్మ.

"వెదురు గడ అటక మీద పెట్టలే వదినా. వాకిట్లనే ఉంది" అంది జంపక్క.

కండక్టర్ వచ్చి చెయ్యి చాచాడు. దుర్గ బీమా కార్డు తీసి అతని ముఖం దగ్గర పెట్టింది.

"ఇది కాదమ్మా. ఫ్రీ టికెట్‌కు ఆధార్ చూపియ్యి."

"ఆధార్ అందరికీ ఉంటది అన్నా," అంది దుర్గ. "ముందు ఇది చూడు."

అతను కార్డు తీసుకుని, రెండు వైపులా తిప్పి చూసి, పేరు పైకి చదివి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాతే టికెట్ కొట్టాడు.