ఎదురు బండికి ఇంజను ఆపేవాడు

కావలి నుంచి జువ్వలదిన్నెకు బస్సు తోలే నా పెద్దకొడుకు ఇక లేడు. పచ్చకామెర్లు వచ్చి, కొన్నాళ్ళు మంచం మీద ఉండి, పోయిన నెల తెల్లవారుజామున కన్ను మూశాడు. ఆ బస్సు ఎక్కినవాళ్ళు మీలో ఉంటారు. మీ దగ్గర వాడి మంచి మాట ఒకటి ఉండే ఉంటుంది. నా దగ్గర మాత్రం కోపమే ఎక్కువగా ఉంది, మీ మీద.

ఆ రోడ్డు ఇరుకు. ఎదురుగా ఎద్దుల బండి వస్తే, బస్సు చప్పుడుకు ఎద్దులు బెదిరి మడుల్లోకి దిగేవి. తక్కిన డ్రైవర్లు హారను కొట్టి బండివాణ్ణే తప్పుకోమనేవారు. మావాడు బస్సును పక్కకు తీసి ఇంజను ఆపేసేవాడు. ఆపితే, మళ్ళీ ముందు హేండిలు పెట్టి తిప్పితేగాని లేవని బస్సు అది. తిప్పే కండక్టరు మా ఇంటికి వచ్చి మొత్తుకునేవాడు.

"నా రెక్కలు పడిపోతుండాయి పెద్దమ్మా. నీ కొడుకు ఎద్దులకు గూడా మర్యాద చేస్తాడు."

"ఎద్దుకు మన టైము తెలీదులేరా" అని వీడు నవ్వేవాడు.

చేపల గంపలతో పరుగెత్తుకొచ్చే ఆడవాళ్ళు దూరాన కనబడితే చాలు, ఆగేవాడు. లోపలివాళ్ళు గొణిగితే, "మనం కూచోనుండాం. ఆమె పరిగెత్తతా ఉంది" అనేవాడట. అనేవాడట అనే రాస్తున్నాను. ఇవన్నీ మీ నోట విన్నవే.

ఇంట్లో వాడికి నిమిషం నిలిచే ఓపిక లేదు. పులుసు చల్లారాక వచ్చి, నిలబడే నాలుగు ముద్దలు తిని, నేను మాట మొదలుపెట్టేలోపల చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు. ఒకరోజు అడిగేశాను.

"ఊళ్ళో ముసలమ్మలందరికీ ఆగుతావు. నాకెందుకు ఆగవురా?"

"వాళ్ళు మళ్ళా కనపడతారో లేదోమా. నువ్వు యాడికి పోతావు, ఇంట్లోనే ఉంటావు గదా."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరునాడు పనేమీ లేకపోయినా, ముఖానికి కొంగు అడ్డం లాక్కుని రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తాను. బస్సు ఆగింది. కావాలనే మెట్టు మీద కాలు పెట్టి, దించి, మళ్ళీ పెట్టాను.

"నిదానంగా ఎక్కవ్వా. నువ్వు కూచున్నాకే కదిలిస్తా" అంది ముందు నుంచి వాడి గొంతు.

అంత మెత్తని గొంతు నేను ఇంట్లో ఎన్నడూ వినలేదు. కావలి దాకా వాడి వీపు చూస్తూ కూర్చున్నాను. కన్నతల్లిని గుర్తుపట్టలేదే అని ఏడుపు వచ్చింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ, తల ఎత్తకుండా అడిగాడు. "కావల్లో ఏం పని పడిందిమా?"

ఆ పూట కూర్చునే తిన్నాడు.

వాడు పోయిననాడు గంపల ఆడవాళ్ళు, బండివాళ్ళు వాకిలి నిండా వచ్చారు. ఒక్కొక్కరూ వాడి మాట ఒకటి చెప్పి ఏడుస్తుంటే, నా వంతు కూడా వీళ్ళే తినేశారని లోపల మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. అయినా మీరు చెప్పకపోతే వాడు నాకు ఈమాత్రం కూడా మిగిలేవాడు కాదు. అందుకు మీకు దండం.

నిన్న రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. కొత్త డ్రైవరు తోలుకొస్తున్నాడు. ఎదురుగా గడ్డిబండి వచ్చింది. బస్సు పక్కకు జరిగి, ఇంజను ఆగింది. ఎద్దుల మెడగంటలు బస్సు పక్కనుంచి నిదానంగా సాగిపోయాయి. ఆ పాత కండక్టరే హేండిలు తీసుకుని దిగాడు. నన్ను చూసి, తిప్పకుండా, దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.